చవుటి నేలలో పైరు బ్రతుకు విధము: ప్రోలిన్ చేయు మేలు, దాని మేర

పాకాల, రామప్ప, లక్నవరము వంటి కాకతీయుల నాటి చెరువులతో వరంగల్, ములుగు ప్రాంతములు తరి సేద్యమునకు పేరొందినవి. తరి సేద్య మున్న చోట పల్లపు మళ్లలో చవుడు పుట్టుటయు కలదు. మొదట మడిలో నొక మూల పైరు పలుచబడును. తరువాతి యేడు ఆ మూలను నారు నాటినను బ్రతుకదు. కొన్ని యేండ్లకు నాలుగు కుంటల నేల బీడగును. పట్టాలో భూమి యుండును గాని గరిసెలో గింజ యుండదు.

ఇట్టి మడిలో నొక విషయము గమనింపదగినది. పైరంతయు ఒక్క దినమున చావదు. కొన్ని దుబ్బులు ఎండవేళకు వాడి సాయంకాలమునకు తేరుకొనును. కొన్ని వారము పదిదినములు నిలిచి, వాన పడి ఉప్పు కొంత కడుగబడినంతనే మరల చిగిర్చును. ఆ గడ్డుదినములను గడుపుటకు మొక్క తనలో తాను తయారుచేసికొను పదార్థములలో ప్రోలిన్ అను అమైనో ఆమ్ల మొకటి. దానివలన నెంత మేలు కలుగునో, ఎచట ఆ మేలు ఆగిపోవునో తెలిసికొనిన రైతు తన సొమ్మును దేనిపై పెట్టవలెనో, దేనిపై పెట్టరాదో నిర్ణయించుకొనగలడు.

చవుడు ఎచటినుండియో వచ్చిపడినది కాదు. ఈ సీమ నేలక్రింద గ్రానైటు జాతి రాయి విస్తారముగ నున్నది. ఆ రాయి చిరకాలమునకు చివికి మన్నగునప్పుడు అందలి సోడియము నీటిలో కరగి, ఎత్తున నున్న చెలకలనుండి పల్లమునకు దిగును. చెరువుకట్ట ఊటయు, కాలువల ఊటయు అచటికే చేరును. ఆ నీరు బయటికి పోవు త్రోవ లేనిచో వేసవి యెండకు నీరు ఆవిరియై పోయి ఉప్పు మాత్రము పైన నిలుచును. తెల్లని పొరగ కనబడునది పాలచవుడు; ఇందు నీట కరగెడి లవణము లధికము. కారుచవుడు వేరు. అందు సోడియము మట్టిరేణువులనే అంటుకొని యుండును. తడిసిన బురదయై జారును, ఎండిన రాయివలె బిగియును, నీటిని క్రిందికి దిగనీయదు. పూర్వము చాకలివారు బట్టలుతుకుటకు చవుటిమన్ను కొనిపోయెడివారు. మురికిని విడిపించిన ఆ సోడా గుణమే వరి వేళ్లను చెరచునది.

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచినచో మరునాటికి ఊట దిగి ముక్క ముడుచుకొనుట ప్రతి యింటను చూచునదే. ఉప్పు ఎక్కువగ నున్న వైపునకు నీరు లాగబడుట దానికి కారణము. చవుటి మడిలో వేరునకు జరుగునదియు నిదియే. వేరులోపలి రసముకంటె వెలుపలి నీరు ఉప్పనైనచో, వేరు నీటిని తీసికొనుటకు మారుగ తన నీటినే పోగొట్టుకొనవలసి వచ్చును. అందుచేతనే మడిలో చీలమండ లోతు నీరు నిలిచియున్నను పైరు దప్పికతో వాడును. నీరు తక్కువైన దనుకొని రైతు అదే ఉప్పు బోరునీటిని మరల మరల పెట్టుటచే బాధ హెచ్చునే గాని తగ్గదు. ఇది మొదటి బాధ. సోడియము మెల్లగ ఆకులలోనికి ఎక్కి, అచట పొటాసియము చేయవలసిన పనులను చెరచుట రెండవది. ముదురాకుల కొనలు ముందుగ ఎండుట దాని గురుతు.

మొదటి బాధకు మొక్క కనిపెట్టిన ఉపాయ మేమనగా, తన రసమును తానే చిక్కన చేసికొనుట. ప్రతి కణము నడుమను నీటితిత్తి వంటి సంచి యొకటి కలదు. చేతనైనంతవరకు మొక్క సోడియమును ఆ సంచిలో బంధించును. అయితే సంచిచుట్టు నున్న జీవద్రవము కూడ అంతే చిక్కదనము కలిగియుండవలెను. లేనిచో దానిలోని నీరు సంచిలోనికి లాగబడి ఎండిపోవును. జీవద్రవమున ఉప్పు నింపుటకు వీలులేదు, నింపిన అచటి పనులన్నియు నిలిచిపోవును. కావున ఎంత చేరినను కీడు చేయని పదార్థము కావలెను. ప్రోలిన్ అట్టిది. నీటిలో మిక్కిలి సులభముగ కరగును, కణములోని మాంసకృత్తులను చెరుపదు, పైగా వాటి ఆకృతి చెడకుండ కొంత కాపాడునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. బాధ తీరిన పిమ్మట మొక్క దానిని వృథాగ పోనీయదు. పాతరలోని ధాన్యము తీసి తిన్నట్లు, ఆ ప్రోలిన్‌ను విడగొట్టి శక్తిని, నత్రజనిని మరల వాడుకొనును.

అమైనో ఆమ్లము లనగా మాంసకృత్తులు కట్టబడుటకు ఇటుకల వంటివి. జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఎమీల్ ఫిషర్ 1901లో పాలలోని కేసీన్ అను మాంసకృత్తునుండి ప్రోలిన్‌ను వేరుపరచెను. మొక్క కష్టమున నున్నప్పుడు ఇది పోగగు నను సంగతి చాలకాలమునకు గాని తెలియలేదు. 1954లో కెంబుల్, మాక్‌ఫర్సన్ అనువారు కోసి వాడబెట్టిన రై గడ్డిలో ప్రోలిన్ విశేషముగ పెరిగినట్లు ప్రకటించిరి. పిమ్మట ఉప్పు బాధలోను, నీటి కరవులోను అనేక పైరులలో నిట్లే జరుగుట కనబడినది.

ఈ విషయమున తెలుగు రైతులు ఎరుగదగిన పరిశోధన యొకటి కలదు. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర ఆచార్యులు పి. బి. కవి కిశోర్, అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు దేశ్ పాల్ వర్మ మున్నగువారు 1995లో దానిని ప్రకటించిరి. మోత్ అను పప్పుధాన్యము రాజస్థాన్‌లోని ఎడారి భూములందు పండునది, పెసర జాతికి చెందినది. మొక్కలలో ప్రోలిన్ ముఖ్యముగ గ్లూటమిక్ ఆమ్లమునుండి తయారగును. ఆ పనిలో తొలిమెట్టు నడుపు ఎంజైము యొక్క జన్యువును మోత్‌నుండి తీసి పొగాకు మొక్కలలో చేర్చిరి. ఆ పొగాకు మామూలు మొక్కలకంటె 10 మొదలు 18 రెట్లు అధికముగ ప్రోలిన్ తయారుచేసెను. వేళ్ల బరువు హెచ్చెను, పూత మెరుగుపడెను. నత్రజని యిచ్చినప్పుడు ప్రోలిన్ మరింత పెరిగెను. ఈ కడపటి మాట రైతునకు ముఖ్యమైనది. దాని ప్రస్తావన ముందు వచ్చును.

అయితే శాస్త్రజ్ఞులందరు దీనిని ఒక్కటే విధముగ గ్రహింపలేదు. 1996లోనే మరికొందరు, ఆ మొక్కలు తట్టుకొనుటకు ప్రోలినే కారణమని నిశ్చయించుటకు చూపిన ఆధారములు చాలవని వ్రాసిరి. వరి విషయమున సంగతి ఇంకను చిక్కైనది. కొన్ని పరీక్షలలో ఉప్పునకు ఓర్వని వరి రకములే, ఓర్చు రకములకంటె ఎక్కువ ప్రోలిన్ పోగుచేసికొనినవి. జ్వర మధికముగ నున్నవాడే బలవంతుడని చెప్పుట యెంత తప్పో, ప్రోలిన్ అధికముగ నున్న వరియే చవుటికి తగినదని చెప్పుట అంత తప్పు. కేరళ తీరపు ఉప్పుపొలములందు తరతరములుగ పండుచున్న పొక్కాలి వంటి వరులు ముఖ్యముగ వేరొక గుణముచే నిలుచుచున్నవి: సోడియమును ఆకులకు ఎక్కనీయక, పొటాసియమును నిలుపుకొనుట. ప్రోలిన్ మొక్కకు ఓపిక నిచ్చును; నేలలోని ఉప్పును ఒక్క రవ్వయైనను తీసివేయదు.

అమైనో ఆమ్లముల పేరు గల మందుసీసాలు అంగళ్లలో అమ్మబడుచున్నవి కనుక ఇంత చెప్పవలసి వచ్చినది. వరి మొలకలకు ప్రోలిన్ నీరు ఇచ్చి చేసిన ప్రయోగములలో తగు మోతాదున మేలును, మోతాదు మించినప్పుడు కీడును కనబడెను. కాని అవి గాజుపాత్రలలోను, కుండీలలోను జరిగినవి. సీసాలోని ద్రవ మనేక అమైనో ఆమ్లముల మిశ్రమము. అందు ప్రోలిన్ ఎంతయో, ఆకులోనికి చేరున దెంతయో పొలములో తెలియదు. చవుడు విరుగునని ఎవరైన చెప్పి దానిని అమ్మినచో నమ్మదగదు. అదే సొమ్ము మురుగు కాలువ త్రవ్వుటకును, జిప్సమునకును వెచ్చించుట మేలు.

మురుగు కాలువయే మొదటి పని. పాలచవుటికి జిప్సము అక్కరలేదు. మడిచుట్టు గట్లు వేసి, మంచినీరు నిలిపి, కరగిన ఉప్పుతో ఆ నీటిని లోతైన కాలువగుండ ఒర్రెలోనికి పంపవలెను. ఇచట రైతు లొండొరులతో మాట్లాడుకొనుట అవసరము. ఎగువ మడివాడు విడిచిన ఉప్పునీరు దిగువ మడిలో నిలిచినచో చవుడు పోలేదు, చేయి మారినది మాత్రమే. ఆయకట్టు రైతులందరు కలిసి ఒక్క కాలువ తీసికొనిననే పని నెరవేరును.

కారుచవుటికి జిప్సము కావలెను. అందలి కాల్షియము మట్టి నంటిన సోడియమును తొలగించి దాని స్థానమున చేరును. మన్నును పరీక్షించి చెప్పిన మోతాదు జిప్సమును పైమన్నులో నాలుగంగుళముల లోతువరకు మాత్రము కలిపి, రెండు వారములు నీరు నిలిపి, ఆ నీటిని తీసివేసి నాట్లు వేయవలెను. లోతుగ దున్ని కలిపిన జిప్సము పలుచబడి ఫలితము తగ్గును. నాట్లకు ముందు జీలుగను చల్లి, పూతకు వచ్చు వేళ దున్ని కలియబెట్టుట రెండు విధముల చవుటికిని మంచిది. హర్యానాలోని కర్నాలున 1969లో స్థాపింపబడిన కేంద్ర చవుటినేలల పరిశోధనా సంస్థ, జిప్సము వేసి వరి పండించి కారుచవుటిని బాగుచేయు ఈ పద్ధతిని చక్కగ పరీక్షించినది.

ఇక నత్రజని మాట. ప్రోలిన్‌లో నత్రజని కలదు. ఆకలితో నున్న మొక్క దానిని తయారుచేసికొనజాలదు. కారుచవుటిలో వేసిన యూరియా అమోనియా వాయువై చాలవరకు ఎగిరిపోవును. కావున మామూలు వరికి వేయు నత్రజనికంటె నాలుగవవంతు అధికముగ, ఒక్కసారి గాక మూడు దఫాలుగ వేయవలెను. అంతకు మించినచో పురుగును, తెగులును పిలిచినట్లగును. జింకు లోపము కారుచవుటిలో సాధారణము గనుక జింకు సల్ఫేటు వేయుట మరువరాదు. భాస్వరపు ఎరువుతో దానిని కలిపి చల్లరాదు.

వరి మొలకెత్తునప్పుడు ఉప్పును కొంత ఓర్చును, లేత నారుగ నున్నప్పుడును, పూతవేళను ఓర్వదు. అందుచే నారుమడిని మంచి నేలలో పోసి, 30 మొదలు 35 దినముల ముదురు నారును, దుబ్బునకు మూడు నాలుగు మొక్కలుగ నాటవలెను. ఉప్పు నోర్చుటకై కర్నాలు సంస్థ విడుదల చేసిన సి.యస్.ఆర్. 36 వంటి రకములు కలవు. ఈ ప్రాంతపు కాలమునకు తగినది ఏదో వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమున విచారించి కొనుట మంచిది.

పైరుల ఓర్పు సమానము కాదు. అమెరికాలో మాస్, హాఫ్‌మన్ అనువారు 1977లో ప్రకటించిన పట్టికను బట్టి, మన్ను లవణ సూచిక 5 డెసీసీమెన్స్ ఉన్నచోట ప్రత్తికి నష్టము లేదు. వరి దిగుబడి నాలుగవవంతు తగ్గును. మొక్కజొన్న నూటికి 40 వంతులు, మిరప, వేరుసెనగ ఇంచుమించు సగము నష్టపడును. మిరపతోట ఎండిపోయిన చెలకలో ప్రత్తి నిలుచుటకు ఇదియే కారణము. అయితే ఈ లెక్క పాలచవుటికి సంబంధించినది. కారుచవుటిలో నేల బిగియుటచే ప్రత్తియు చెడును. ఈ పట్టికలోని సూచిక నీటితో పూర్తిగ తడిపిన మంటినుండి తీసిన రసమునకు చెందినది. ప్రయోగశాలలలో మన్నును రెండింతల నీటిలో కలిపి చూచుట కూడ వాడుకలో నున్నది. ఆ విధమున వచ్చు అంకె తక్కువగ నుండును. ఏ విధమున చూచిరో అడిగి తెలిసికొనవలెను.

మన్ను తీయుటకు తగిన కాలము వేసవి. పైరు బాగున్న చోటి మన్నును, బోడిమచ్చలోని మన్నును కలుపక వేరువేరుగ, ఆరంగుళముల లోతువరకు తీయవలెను. పైన తెల్లని పొర యున్న దానిని గీకి మరియొక సంచిలో నుంచవలెను. బోరునీటిని కొంతసేపు పారనిచ్చిన పిమ్మట శుభ్రమైన సీసాలో పట్టి వెంట పంపవలెను. పరీక్షాపత్రమున ఉదజని సూచిక 8.5 కంటె తక్కువగ నుండి లవణ సూచిక 4 దాటిన పాలచవుడు. ఉదజని సూచిక 8.5 దాటి సోడియము అధికమైన కారుచవుడు. జిప్సము బండికి బయానా ఇచ్చుట ఆ పత్రము చేతికి వచ్చిన తరువాతనే.