ఇనుముకు కూడా స్కానింగ్!



పోయిన వేసవి సెలవుల్లో మా బాపు ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి పడ్డాడు. నడి దారిలో ట్రాలీ కొక్కెం పుటుక్కున విరిగింది. దానికి వారం కిందటే రంగు వేశారు, పైకి కొత్తదానిలాగే ఉంది. విరిగిన చోట చూస్తే లోపల శనగగింజంత గుంట! ఇనుము పోత పోసేటప్పుడు గాలి బుడగ చిక్కుకుంటే ఇలా బోలు మిగులుతుందట.

వారమైనా బాపుకు తలనొప్పి తగ్గలేదు. మా అన్న హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. అక్కడికి పోయి, నారాయణగూడలో తలకు సి.టి. స్కాన్ తీయించాం. గుండ్రటి యంత్రంలోకి బాపును పంపుతుంటే నాకు కాళ్లు వణికాయి. లోపల రక్తం గడ్డ కట్టలేదని డాక్టరుగారు చెప్పాకే అన్నం తిన్నాం. అప్పుడు బాపు, "నా తలకాయ లోపల చూసిండ్రు. ఆ కొక్కెం లోపల ముందే చూస్తే ఇంత దూరం వచ్చుడే లేకుండె గదరా!" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు అన్నతో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పోయి చదివాను. నిజంగానే ఇనుముకూ సి.టి. ఉంది!

మామూలు ఎక్స్‌రే ఒక నీడ. ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడతాయి. సి.టి.లో చుట్టూ అనేక దిక్కుల నుంచి నీడలు తీసి, కంప్యూటరు లెక్క కట్టి, లోపలి పొరను బొమ్మగా చూపుతుంది. ఆ లెక్క ఇలాంటిది:

5 5
5 2

5 అంటే గట్టి ఇనుము, 2 అంటే బోలు. ఈ అంకెలు మూసేసి, అడ్డం మొత్తాలు 10, 7 అనీ, నిలువు మొత్తాలు 10, 7 అనీ మాత్రమే చెప్పాననుకోండి. పైన 4, 6, కింద 6, 1 వేసినా సరిపోతుంది! కానీ పై ఎడమ గది, కింది కుడి గది కలిపితే 7 అని ఐమూల మొత్తం కూడా చెబితే ఇక ఒకటే జవాబు. ఎన్ని దిక్కుల నుంచి చూస్తే అంత నిజం తెలుస్తుంది.

లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో 1971 అక్టోబరు 1న మొదటిసారి రోగి తలకు స్కాన్ తీశారు. ఆయనకూ కార్మాక్‌కూ 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే 1971లో మన దేశపు శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఈ లెక్కను త్వరగా చేసే పద్ధతి చెప్పారు.

ఆసుపత్రిలో మనిషి కదలకుండా పడుకుంటే యంత్రం చుట్టూ తిరుగుతుంది. ఫ్యాక్టరీలో చాలావరకు వస్తువునే బల్ల మీద పెట్టి తిప్పుతారు. మనిషికి సుమారు 1 లక్షా 20 వేల వోల్టులు చాలు. ఇనుములోంచి కిరణాలు దూరాలంటే 4 లక్షల 50 వేల వోల్టుల యంత్రాలు కూడా వాడతారు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని క్షిపణి పరిశోధనశాల డి.ఆర్.డి.ఎల్. శాస్త్రవేత్తలు ఈ విద్య మీద పరిశోధన చేశారు. రాకెట్ ఘన ఇంధనంలో పగులు ఉంటే మంట ఎక్కువ మేర అంటుకుంటుంది. ఒత్తిడి పెరిగి రాకెట్టే పేలిపోవచ్చు. అందుకే ఎగరకముందే లోపల చూడాలి.

ప్రతి ట్రాలీ కొక్కేనికీ సి.టి. తీయలేం, ఖర్చెక్కువ. మామూలు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ పరీక్షలు దానికంటే చవక. మన ఊళ్లో చేయగలిగింది ఒకటుంది. రంగు లేని ఇనుము మీద కిరోసిన్ పూసి, కాసేపాగి బాగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అందులోని కిరోసిన్ పైకొచ్చి సుద్ద మీద తడి గీత కనిపిస్తుంది. మంట దగ్గర మాత్రం చేయకండి. ఇది పైపగుళ్లనే చూపుతుంది, లోపలి బోలును చూపదు. రంగు చూసి నమ్మొద్దని బాపు ఇప్పుడు అందరికీ చెబుతున్నాడు.

మీకో లెక్క: నాలుగు గదులు. అడ్డం మొత్తాలు పైన 10, కింద 8. నిలువు మొత్తాలు ఎడమ 8, కుడి 10. పై ఎడమ, కింది కుడి కలిపితే 10. బోలు ఏ గదిలో ఉంది? జవాబు వచ్చే సంచికలో.

— పదో తరగతి విద్యార్థి