పాత కోడు మీ చేతికొచ్చిందా? మంచిదే!

‘నన్ను మైగ్రేషన్‌లో వేశారు’ అని చెప్పేటప్పుడు చాలామంది గొంతులో దిగులు వినిపిస్తుంది. పక్క టీమువాళ్లు కొత్త యాప్ కడుతుంటారు. మనకేమో ఎవరో రాసి వెళ్లిపోయిన వెబ్ అప్లికేషన్‌ని కొత్త వెర్షన్‌లోకి మార్చే పని. ఇందులో నేర్చుకునేదేముంది, రెజ్యూమెలో రాసుకునేదేముంది అని బెంగ. ఆ బెంగ పక్కన పెట్టండి. ప్రోగ్రామర్‌కి ఇంతకంటే బాగా పని నేర్పే చోటు ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

1990ల చివర్లో మనవాళ్లు వేలమంది అమెరికా విమానం ఎక్కింది దేనికి? వాళ్లలో చాలామంది కొత్త సాఫ్ట్‌వేర్ కట్టడానికి వెళ్లలేదు. ఎప్పుడో కోబాల్‌లో రాసిన ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టిన చోట్లన్నీ వెతికి, 2000 వచ్చేలోపు సరిచేయడానికి వెళ్లారు. ఒక తరం ఇళ్లు నిలబెట్టింది, పక్కవాడు రాసిన పాత కోడు ఓపిగ్గా చదవడమే.

ఈ పనిలో మొదటి శత్రువు వాయిదా. పైథాన్ సంగతే చూడండి. పైథాన్ 3 విడుదలైంది 2008 డిసెంబరులో. పాత పైథాన్ 2కి 2015తో మద్దతు ఆపేస్తామన్నారు. జనం కదలకపోయేసరికి 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. అయినా చివరి ఏడాది దాకా మేలుకోనివాళ్లు చాలామందే. ఈలోగా 2017 డిసెంబరులో వచ్చిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 2.0 పైథాన్ 3 మీద తప్ప నడవనంది. అంటే పైథాన్ మార్చనివాళ్లకు జాంగో దారీ మూసుకుపోయింది. ఒక వాయిదా ఇంకో వాయిదాను వెంటబెట్టుకొస్తుంది. మీ దగ్గరున్నది జావా 8 కావచ్చు, 2021 చివరితో మద్దతు ఆగిపోయిన యాంగ్యులర్‌జేఎస్ కావచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి.

రెండో సంగతి, అన్నిటికంటే ముఖ్యమైనది: అరిచే తప్పుకి భయపడకండి, అరవని తప్పుని వెతకండి. పైథాన్ 2లో బ్రాకెట్లు లేకుండా ప్రింట్ అని రాసిన లైను పైథాన్ 3లో వెంటనే ఎర్రర్ ఇస్తుంది. రెండు నిమిషాల్లో సరిచేస్తాం. కానీ భాగహారం అలా కాదు. ఒక షాపింగ్ సైటులో ప్రతి వంద రూపాయల కొనుగోలుకీ ఒక పాయింటు ఇస్తున్నారనుకుందాం. 250ని 100తో భాగిస్తే పైథాన్ 2 ఇచ్చే జవాబు 2. అదే లైను పైథాన్ 3లో 2.5 ఇస్తుంది. ఎర్రర్ రాదు, సైటు ఆగదు. ఖాతాదారులకు అర పాయింట్లు జమవుతూనే ఉంటాయి. నెలాఖరున లెక్కలు చూసే ఆయన ఫోన్ చేస్తే తప్ప మీకు తెలియదు. మందు చిన్నదే, ఒక గీత బదులు రెండు గీతలు పెట్టాలి. ఎక్కడ పెట్టాలో కనుక్కోవడమే పనంతా.

తెలుగు అక్షరాల దగ్గరికొస్తే ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. యూటీఎఫ్-8లో మామూలు స్ట్రింగుగా రాసిన ‘తెలుగు’ అన్న మాట పొడవెంతని పైథాన్ 2ని అడిగితే బైట్లు లెక్కపెట్టి 18 అంటుంది. పైథాన్ 3 మాత్రం హల్లునీ గుణింతం గుర్తునీ విడివిడిగా లెక్కేసి 6 అంటుంది. పేరు ఇరవైకి మించకూడదని నియమం పెట్టిన ఫారాన్ని తలచుకోండి. పాతదాంట్లో తెలుగు పేరు ఏడో గుర్తు మధ్యలోనే తెగిపోయి చివర పిచ్చి గుర్తులు పడేవి. ఇంగ్లిషు పేర్లతో మాత్రమే పరీక్షించినవాళ్లకు ఈ లోపం ఏనాటికీ కనపడదు. అందుకే మీ పరీక్షల్లో మన పేర్లు పెట్టండి, ఒత్తులతో సహా.

కాబట్టి కోడు మీద చెయ్యి వేసేముందు, అది ఇవాళ ఏం చేస్తోందో రాసిపెట్టుకోండి. ఏం చేయాలన్నది తర్వాత సంగతి. ఇది ఇస్తే అది వస్తోంది అని టెస్టుల రూపంలో రాయండి. ఈ దశలో మేనేజరు ‘ఇంకా మొదలుపెట్టలేదా?’ అంటారు. మొదలైంది ఇక్కడేనని వినయంగా, గట్టిగా చెప్పండి. ఆ 250 రూపాయల లెక్క ఆయన ముందు పెడితే ఇంకో మాట అక్కర్లేదు.

‘ఈ చెత్తంతా పారేసి మొదట్నుంచి రాసేద్దాం’ అన్న కోరిక ప్రతివారికీ పుడుతుంది. నెట్‌స్కేప్‌కీ పుట్టింది. 1997లో తన బ్రౌజర్ నాలుగో వెర్షన్ ఇచ్చిన ఆ సంస్థ, మరుసటి ఏడాది మొత్తం తిరగరాయాలనుకుంది. ఐదో వెర్షన్ రానే లేదు. ఆరోది 2000 నవంబరులో వచ్చేసరికి జనం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి అలవాటుపడిపోయారు. ఆ తిరగరాసిన కోడే తర్వాత ఫైర్‌ఫాక్స్‌కి పునాది అయిన మాట నిజమే. నెట్‌స్కేప్‌కి మాత్రం అది అక్కరకు రాలేదు.

ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. పైథాన్ 3కి ఎలా మారారో 2017 పైకాన్ సభలో వాళ్ల ఇంజినీర్లే వివరించారు. కోడుకి వేరే బ్రాంచి తీయలేదు, కొత్త ఫీచర్లు ఆపలేదు. వాడని కోడు తీసేశారు, పాత లైబ్రరీలు మార్చారు, ఒకే కోడు రెండు పైథాన్లలోనూ నడిచేలా చూసుకున్నారు. ముందు తమ ఇంజినీర్లకు, తర్వాత ఉద్యోగులకు, ఆ తర్వాత కొద్దిమంది వాడుకదార్లకు, చివరికి అందరికీ తెరిచారు. ఏ మెట్టు దగ్గరైనా వెనక్కి రావడానికి వీలుంచుకున్నారు. తొందరపడే స్వభావం ఉన్నవాళ్లు నేర్చుకోవలసింది ఇదే.

మరో మాట. పాత కోడు రాసినవాళ్లని తిట్టకండి. వింతగా కనిపించే లైను వెనక తరచూ ఏదో కారణం ఉంటుంది: ఒక బ్యాంకు సర్వరు మొండితనమో, ఒక పండగ రోజు వచ్చిన ఫిర్యాదో. వాళ్లు ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నా సరే, నంబరు సంపాదించి ‘అన్నా, ఈ లైను ఎందుకు పెట్టావు?’ అని మర్యాదగా అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు. రెండు రోజుల వెతుకులాట పది నిమిషాల్లో తేలిపోతుంది. అడిగే అలవాటున్నవాడు టీములో త్వరగా ఎదుగుతాడు.

రేపు ఆఫీసుకి వెళ్లగానే మీ అప్లికేషన్‌లో డబ్బు లెక్క కట్టే ఫంక్షన్ ఒకటి తెరవండి. దాన్ని మార్చకండి. అది ఇవాళ ఇస్తున్న జవాబుకి ఒక టెస్టు రాయండి. సాయంత్రానికి రెండోది రాయండి.