లైబ్రరీ కేటలాగ్‌లో పుస్తకం దొరకట్లేదా? వెతికే పద్ధతి మార్చి చూడండి

మన సైట్‌లో ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, ఛార్జర్ల గురించే రాస్తుంటాను. ఈసారి కొంచెం వేరే టాపిక్. దీనికి కొత్త ఫోన్ అక్కర్లేదు, యాప్ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఆన్‌లైన్ లైబ్రరీ కేటలాగ్‌లో పుస్తకం ఎలా వెతకాలి అన్నదే విషయం.

"అందులో నేర్చుకోవడానికి ఏముంది, పేరు కొడితే వస్తుంది కదా" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నా. బీటెక్ మూడో ఏడాదిలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం కాలేజీ కేటలాగ్‌లో కనబడలేదని తొమ్మిది వందలు పెట్టి కొనేశాను. నెల తర్వాత చూస్తే అదే పుస్తకం లైబ్రరీ రాక్‌లో నాలుగు కాపీలు ఉన్నాయి. నేను రచయిత పేరుతో వెతికాను, అందులో ఒక అక్షరం తప్పు కొట్టాను. సిల్బర్‌షాట్స్ అనే పేరుని ఇంగ్లీషులో మొదటిసారే తప్పు లేకుండా రాసినవాళ్లని నేనింకా చూడలేదు, అది వేరే సంగతి.

ఆ తొమ్మిది వందలు పోతే పోయాయి. రెండోసారి పోయేది డబ్బు కాదు. మా అమ్మ వాళ్ల నాన్న స్కూల్ టీచర్. 1960ల్లో "చెరువుగట్టు" అని ఒక చిన్న నాటకం రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడారట కూడా. ఇంట్లో మాత్రం ఒక్క కాపీ మిగల్లేదు. పాత పెంకుటిల్లు ఇప్పే రోజు ట్రంకుపెట్టె తీస్తే లోపల అంతా చెదలు. పోయినేడాది అమ్మమ్మ అడిగింది, "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదరా, ఆ పుస్తకం ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు" అని. అమ్మమ్మకి ఎనభై రెండు.

గూగుల్‌లో చెరువుగట్టు అని కొడితే నల్గొండ జిల్లాలోని గుడి వస్తుంది. ఎన్ని పేజీలు తిప్పినా గుడే.

కేటలాగ్ అంటే గూగుల్ కాదు

ముందు ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. గూగుల్ మనం తప్పు కొట్టినా "ఇదేనా మీ ఉద్దేశం" అని సరిచేస్తుంది. చాలా లైబ్రరీ కేటలాగ్‌లు ఆ పని చేయవు. అక్కడ ఉండేది పుస్తకం లోపలి మ్యాటర్ కాదు, ఒక్కో పుస్తకానికి ఒక్కో రికార్డు. మన భాషలో చెప్పాలంటే డేటాబేస్‌లో ఒక రో. లైబ్రరీలు మార్క్ అనే ఫార్మాట్ వాడతాయి. అందులో ఫీల్డ్‌లకి పేర్లు కాదు, నంబర్లు ఉంటాయి: 100లో రచయిత, 245లో పుస్తకం పేరు, 650లో సబ్జెక్టు, 020లో ఐఎస్‌బీఎన్. మీరు టైప్ చేసింది ఈ ఫీల్డ్‌లలో ఉన్నదానితో కలిస్తేనే రిజల్ట్ వస్తుంది. అందుకే "చెరువు గురించి తాతయ్య రాసిన నాటకం" లాంటి వాక్యాలు ఇక్కడ పనిచేయవు. ఒకటి రెండు గట్టి మాటలు చాలు.

మన దగ్గర చాలా కాలేజీలు వాడే కోహా సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటిదే. అది న్యూజిలాండ్‌లో ఒక చిన్న పబ్లిక్ లైబ్రరీ కోసం రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, 2000 జనవరి నుంచి నడుస్తోంది. కోడ్ చదివే అలవాటున్నవాళ్లు ఒకసారి తొంగి చూడొచ్చు.

పేరు వదిలేసి వెతకండి

నేను వరల్డ్‌క్యాట్‌లో మొదలుపెట్టాను. ప్రపంచంలోని వేల లైబ్రరీల రికార్డులు ఒకేచోట వెతికే సైట్ అది. ఏ పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో కూడా చూపిస్తుంది. ఇంగ్లీషులో పుస్తకం పేరు కొట్టాను, సున్నా. విడదీసి కొట్టాను, సున్నా. తాతయ్య పేరు కొట్టాను, ఇంకెవరో డాక్టర్ గారి పుస్తకాలు వచ్చాయి.

అప్పుడు అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్లి పేరు కొట్టడం మానేశాను. భాష తెలుగు, సంవత్సరం 1960 నుంచి 1970, సబ్జెక్టు ఇంగ్లీషులో తెలుగు డ్రామా. అంతే. లిస్టు పొడుగ్గా వచ్చింది. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. రెండో రోజు రాత్రి దొరికింది. పేరు చూసి ముందు గుర్తుపట్టలేదు. చెరువులోని "చె"కి సి, ఇ అని ఉంది. మధ్యలో హెచ్ లేదు! నేను ఇన్నాళ్లూ సి, హెచ్, ఇ అనే కొడుతున్నాను.

ఇదే పద్ధతి మీరూ వాడండి. పేరు మీద నమ్మకం లేనప్పుడు భాష, సంవత్సరం, సబ్జెక్టు ఈ మూడే ఇచ్చి లిస్టు చిన్నది చేసుకుని కళ్లతో వెతకాలి. ఫోన్‌లో కొన్ని సైట్లు అడ్వాన్స్‌డ్ సెర్చ్ లింకుని దాచేస్తాయి. బ్రౌజర్ మెనూలో డెస్క్‌టాప్ సైట్ ఆన్ చేస్తే కనబడుతుంది.

ఆ హెచ్ ఎక్కడికి పోయింది?

అమెరికా లైబ్రరీలు తెలుగు పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక పట్టిక పెట్టుకున్నాయి. పాత రికార్డుల్లో చాలావరకు తెలుగు లిపి ఉండదు, ఈ పట్టిక ప్రకారం రాసిన పేరే ఉంటుంది. అది మనం వాట్సాప్‌లో రాసుకునే స్పెల్లింగ్‌కి పూర్తిగా వేరు. తెలుగు పుస్తకాలు వెతికేవాళ్లు ఈ కింది పేరాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

చ అంటే ఒట్టి సి. హెచ్ పెడితే అది ఛ అయిపోతుంది. అందుకే చలం పుస్తకాలకి సి, ఎ, ఎల్, ఎ, ఎమ్ అని కొట్టాలి. త అంటే ఒట్టి టి. మనం సీత, లత రాసేటప్పుడు టి పక్కన హెచ్ పెడతాం, అక్కడ అది థ. శ, ష రెండూ ఎస్ మీదో కిందో గుర్తుతో వస్తాయి, హెచ్ ఉండదు. కాబట్టి కన్యాశుల్కంలో ఎస్ పక్కన హెచ్ తీసేయాలి. లక్ష్మిలో కూడా కె, ఎస్ అంతే. జ్ఞ అంటే జె, ఎన్. మనం జి, ఎన్ అని రాస్తాం, విజ్ఞానం మొత్తం అక్కడే తప్పిపోతుంది. దీర్ఘాలకి ఇ రెండుసార్లు, ఓ రెండుసార్లు కొట్టకూడదు, ఒక్క ఐ, ఒక్క యు చాలు. అక్షరం మీద గీత ఉంటుంది కానీ మనం టైప్ చేయక్కర్లేదు, చాలా కేటలాగ్‌లు గీతల్ని పట్టించుకోవు. వ ఎప్పుడూ వి, డబుల్యూ కాదు. రావు అనే పేరు చివర ఓ కాదు, వి, యు.

ఇంకో తిరకాసు స్పేస్. చెరువుగట్టు ఒక మాటా, రెండు మాటలా? నా రికార్డులో రెండు. మహాప్రస్థానం లాంటివి కూడా కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి కొట్టి చూడాల్సిందే.

అసలు ఒక పల్లెటూరి నాటకం అమెరికా ఎలా వెళ్లిందని నాకూ ఆశ్చర్యం వేసింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో న్యూఢిల్లీలో ఆఫీసు తెరిచింది. అప్పట్లో అమెరికా మనకి గోధుమలు అమ్మి డబ్బు రూపాయల్లో తీసుకునేది. పీఎల్-480 అంటే అదే. ఆ రూపాయల్లో కొంత పెట్టి ఇక్కడి భాషల్లో వచ్చే పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపేవాళ్లు. మన ఇంట్లో చెదలు తిన్నది వాళ్ల ఏసీ గదిలో భద్రంగా ఉందన్నమాట.

మన దగ్గరి కేటలాగ్‌ల సంగతి

ఇక్కడ సమస్య తలకిందులు. అక్కడ కఠినమైన రూలు, ఇక్కడ ఎవరి రూలు వాళ్లది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి. కానీ పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు టైప్ చేశారు. ఒకచోట ఒక ఎ, ఇంకోచోట రెండు ఎలు, చివర కం ఒకచోట, కము ఇంకోచోట. ఇలాంటిచోట స్టార్ గుర్తు వాడండి. మాటలో అనుమానం లేని ముక్క కొట్టి, చివర స్టార్ పెడితే మిగతాది ఏదైనా ఫర్వాలేదని అర్థం. తెలుగు లిపిలో వెతికేటప్పుడు కూడా "కన్యాశుల్క" వరకు కొట్టి స్టార్ పెడితే కన్యాశుల్కం, కన్యాశుల్కము రెండూ తగులుతాయి. చాలా కేటలాగ్‌లలో ఇది పనిచేస్తుంది.

ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా చూడండి. అక్కడ దొరికింది చాలాసార్లు వేరే సైట్‌లోని ఫైల్‌కి లింక్ మాత్రమే, లింక్ చచ్చిపోయి ఉంటే తిట్టుకోకండి, పేరు కాపీ చేసి ఆర్కైవ్‌లో వెతకండి.

కాపీ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. సాఫ్ట్‌వేర్, పోస్ట్‌మాస్టర్ లాంటి మాటల మధ్యలో కంటికి కనబడని ఒక నాన్-జాయినర్ క్యారెక్టర్ ఉంటుంది. అది ఉన్న మాట, లేని మాట సిస్టమ్‌కి మాత్రం వేరు వేరు. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన పేరుకి సున్నా వస్తే, జీబోర్డ్‌లో మీరే ఒకసారి టైప్ చేసి చూడండి. నా టెస్టింగ్ బుర్రకి బాగా నచ్చిన బగ్ ఇది.

రచయిత ఎవరు?

మన పేర్లలో ఇంటిపేరు ముందు, కేటలాగ్‌లలో ఏది ముందో దేవుడికే తెలియాలి. అందుకని పేరులోని ఒక్క ముక్కే కొట్టండి, అందరికీ ఉండే రావు, శాస్త్రి కాకుండా కాస్త అరుదైన ముక్క. కలం పేర్లు ఇంకో గొడవ. శ్రీశ్రీ ఒకచోట శ్రీరంగం శ్రీనివాసరావు, ఆరుద్ర ఒకచోట భాగవతుల సదాశివశంకర శాస్త్రి. ప్రపంచంలోని జాతీయ లైబ్రరీలు ఒక్కో రచయితకి వాడే రకరకాల పేర్లన్నీ ఒకచోట కలిపిన వీఐఏఎఫ్ అనే సైట్ ఉంది. అక్కడ చూసి, దొరికిన ప్రతి స్పెల్లింగూ ప్రయత్నించండి.

ఇంజనీరింగ్ పుస్తకాలకి ఇంత కష్టం లేదు. ఐఎస్‌బీఎన్ ఉంటే అదే కొట్టండి, కానీ అది ఒక్క ఎడిషన్‌కే చెందుతుంది. ఏడో ఎడిషన్ నంబర్ కొడితే తొమ్మిదో ఎడిషన్ కాపీలు కనబడకపోవచ్చు. ఒక మంచి పుస్తకం దొరికితే దాని రికార్డులోని సబ్జెక్టు లింక్ నొక్కండి, అలాంటివన్నీ వరసగా వస్తాయి. సబ్జెక్టు మాటలు మనం అనుకునేవే ఉండాలని లేదు. వంటల పుస్తకాలకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010 వరకు కుకరీ అనేది, తర్వాత కుకింగ్ అని మార్చింది. ఇక కాల్ నంబర్ రాసుకోవడం మర్చిపోవద్దు. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, ఆపరేటింగ్ సిస్టమ్స్ 005.43. ఆ రాక్ దగ్గరికి వెళ్లి పక్క పుస్తకాలు కూడా చూడండి, నా నాలుగు కాపీలు అలా కనబడ్డవే.

పుస్తకం వేరే ఊళ్లో ఉంటే ఇంటర్ లైబ్రరీ లోన్ అడగొచ్చు. మీ కాలేజీ డెల్‌నెట్‌లో మెంబరేమో లైబ్రేరియన్‌ని కనుక్కోండి. నా విషయంలో మా అక్క అక్కడ ఎమ్మెస్ చేస్తోంది, వాళ్ల యూనివర్సిటీ లైబ్రరీలో రిక్వెస్ట్ పెట్టింది. రెండు వారాలకి వచ్చింది. గట్టి అట్ట వేసి బైండ్ చేసిన అరవై ఎనిమిది పేజీల పుస్తకం. అక్క ఒక్కో పేజీ ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్ పంపింది.

ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసి అమ్మమ్మ చేతిలో పెట్టాను. కథ జోలికి వెళ్లలేదు, ముందు లోపలి పేజీలో ధర చూసింది. ఒక రూపాయి అని ఉంది.

"ముప్పావలా అనేగా నాకు చెప్పారు మీ తాతయ్య" అంది.