ఆవకాయ ధర రూపాయల్లో చెప్పాలా, డాలర్లలోనా?

ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో విదేశాలకు సరుకు అమ్మే రైతు కుటుంబాలు చూసుకోవాల్సిన లెక్కలు

2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలని కేంద్రం ప్రకటించింది. ఈ మాట చెవినబడగానే మన రైతు చేసే మొదటి పని దాన్ని 75 కిలోల బస్తాకు మార్చుకోవడం. బస్తా 1,777 రూపాయలని తేలాక గానీ గిట్టుతుందా లేదా అన్న మాట ఎత్తడు. క్వింటాలు లెక్క తెలియక కాదు. చిన్నప్పటి నుంచి ధాన్యం లాభనష్టాలు బస్తాల్లోనే చూసుకున్నాడు, అందుకని.

అమెరికాలో ఉండి మన గోంగూర పచ్చడి తెప్పించుకోవాలనుకునే వాళ్ల సంగతీ ఇంతే. జీతం డాలర్లలో వస్తుంది. ఇంటి అద్దె, పాలు, కూరగాయలు అన్నీ డాలర్లే. వాళ్ల ముందు "మూడు కిలోల పచ్చళ్లు 5,130 రూపాయలు" అని పెడితే బస్తా లెక్క వాళ్లు కట్టుకోవాలి.

గుంటూరు ప్రాంతంలో మిర్చి యార్డుకు పంపడంతో సరిపెట్టుకోకుండా కారం పట్టించి, పచ్చళ్లు, పొడులు, అప్పడాలు చేసి ఫోన్ ద్వారానే అమ్ముతున్న ఇళ్లు, డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. రుచి, నూనె, ప్యాకింగ్ మీద పెట్టే శ్రద్ధ ధర రాసే దగ్గర పెట్టడం లేదు. "అడిగిన వాళ్లు సగం మంది మళ్లీ పలకరు" అని బాధపడేవాళ్లు ముందు తమ ధరల పట్టీ తీసి చూసుకోవాలి.

కొనేవాడు ఎక్కడ ఆగిపోతాడు?

రూపాయల్లో ధర చూసినవాడు ముందు డాలరు ఎంత ఉందో వెతకాలి, తర్వాత భాగించాలి. ఇది రెండు నిమిషాల పనే. కానీ ఆ రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెడితే మళ్లీ తీసేది వారం తర్వాతే, లేదంటే ఎప్పటికీ తీయడు.

ఇంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. లెక్క కట్టినా అసలు ఎంత పోతుందో తేలదు. పరాయి దేశపు కరెన్సీలో కొంటే చాలా కార్డుల మీద అదనపు రుసుము పడుతుంది. కొన్ని కార్డులకు ఏమీ ఉండదు, చాలావాటికి నూటికి 2 నుంచి 3.5 దాకా ఉంటుంది. తను 57 డాలర్లనుకున్నది నెలాఖరు బిల్లులో 58 దాటి కనబడితే ఆ అనుమానం బ్యాంకు మీదికి పోదు, పచ్చడి అమ్మిన మన మీదికే వస్తుంది. మనమూ విదేశీ వెబ్‌సైటులో స్ప్రేయర్ విడిభాగమో మరొకటో డాలర్లలో చూసినప్పుడు "చివరికి ఎంతవుతుందో ఏమో" అని వదిలేస్తాం కదా! ఆ భయం రెండు వైపులా ఒకటే.

కొందరు వెబ్‌సైటులో రూపాయలను దానంతటదే డాలర్లలోకి మార్చే ఏర్పాటు పెట్టిస్తున్నారు. అసలు లేకపోవడం కన్నా ఇది నయమే. అయితే ఇందులో నిన్న 56.38 ఉన్న ధర ఇవాళ 56.91 అవుతుంది. దుకాణంలో సీసా మీద ఎవరూ అలాంటి అంకె వేయరు. బాటా చెప్పుల ధర 299.95 అని ఉన్నా అది నిలకడగా ఉండే ధర, మనిషికి అలవాటైపోయింది. రోజూ కదిలే అంకె చూస్తే "రేపు తగ్గుతుందేమో" అని కొనేవాడు ఆగుతాడు. కాబట్టి డాలరు ధర ఒకటి నిర్ణయించి, కనీసం నెల రోజులు కదపకుండా ఉంచడమే మేలు.

పార్సిల్ వెళ్లే ఊరు కాదు, డబ్బు కట్టే చేయి చూడాలి

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. పార్సిల్ డల్లాస్ వెళుతోంది కాబట్టి ధర డాలర్లలోనే ఉండాలనుకోకూడదు. కూతురికి పచ్చళ్లు పంపమని ఆర్డరిచ్చి డబ్బు కట్టేది తెనాలిలో ఉన్న తల్లిదండ్రులైతే వాళ్లకు డాలరు ధర చూపించడం దండగ. వాళ్లకు రూపాయల ధరే కావాలి.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. ప్రవాసులు తమ విదేశీ ఫోన్ నంబరు మీదనే, ఇక్కడి ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఒ. ఖాతాల నుంచి యూపీఐ ద్వారా కట్టుకునేందుకు 2023 జనవరిలో వీలు కల్పించారు. మొదట అమెరికా, సింగపూర్, యు.ఎ.ఇ., సౌదీ వగైరా 10 దేశాల నంబర్లకు ఇది ఇచ్చారు. అలా కట్టేవాడు అమెరికాలో ఉన్నా ఖర్చు పెట్టేది రూపాయలే. మార్పిడి నష్టం అతనికీ లేదు, మనకూ లేదు. ఇలాంటివాళ్లు ఎక్కువగా ఉంటే రూపాయల ధర తీసేయడం మనకే నష్టం. పట్టీలో రెండు ధరలూ పక్కపక్కన ఉంచి, రూపాయల ధర ఎదురుగా "ఇండియా ఖాతా నుంచి కట్టేవారికి" అని రాయడం మంచిది.

రెండు ధరలు పెడితే ఒక చిక్కు వస్తుంది, ముందే అనుకుని ఉండాలి. ఊరు వదిలి నాలుగేళ్లయినా మనవాళ్లు ఇక్కడి రేట్లు మరచిపోరు. "పిన్నీ, మన దగ్గర కిలో ఇంతే కదా, మాకెందుకు ఇంత?" అని అడుగుతారు. పచ్చడి ధర, ప్యాకింగ్, కొరియర్ విడివిడిగా రాసి కింద మొత్తం వేస్తే ఆ మాటకు జవాబు అక్కడే ఉంటుంది. మన దేశంలో ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనలు కూడా మొత్తం ధర ఒకే అంకెలో చూపి, దాని వివరం ఇవ్వాలనే చెబుతున్నాయి.

డాలరు అంటే ఏ దేశపు డాలరు?

ఉత్త డాలరు గుర్తు పెట్టి వదిలేయకూడదు. ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్ కరెన్సీలు కూడా డాలర్లే, గుర్తూ అదే. విలువలు వేరు. "అమెరికా డాలర్లు 57" అని దేశం పేరుతో రాయాలి.

గల్ఫ్ వాళ్లతో పని కొంత తేలిక. యు.ఎ.ఇ. దిర్హం ఒక డాలరుకు 3.6725 చొప్పున, సౌదీ రియాల్ 3.75 చొప్పున చాలా ఏళ్లుగా స్థిరంగా ఉన్నాయి. అమెరికా ధర ఒక్కటి సరిగా కట్టుకుంటే ఈ రెండింటికీ ఆ హెచ్చవేత చాలు. కొరియర్ ఖర్చు మాత్రం ఆ దేశానిదే వేసుకోవాలి. కువైట్ దినారుకు 1,000 ఫిల్సు కాబట్టి చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి. 5.250 అంటే అయిదు దినార్ల 250 ఫిల్సు. దాన్ని అయిదు వేల చిల్లర అనుకుని కంగారు పడనక్కర్లేదు.

లాభం కారిపోయేది ఈ దారిలోనే

కొనేవాడికి సుఖంగా ఉండేట్టు డాలర్లలో ధర పెట్టామంటే మార్పిడి భారం అతని నెత్తి మీద నుంచి మన నెత్తి మీదకు వచ్చిందన్న మాట. దానికి తగ్గట్టు ధర కట్టకపోతే అమ్మకం పెరిగిన కొద్దీ చేతికి మిగిలేది ఏమీ ఉండదు. ఒక లెక్క వేసి చూద్దాం.

మూడు కిలోల పచ్చళ్లకు సరుకు, కూలి కలిపి 1,400 రూపాయలు, ప్యాకింగ్ 200, కొరియర్ 2,400 అనుకోండి. ఖర్చు 4,000. మనకు 600 మిగలాలి. అంటే 4,600 చేతికి రావాలి. డాలరు 90 రూపాయలుంటే 4,600ను 90తో భాగించి 51 డాలర్లని రాసేస్తారు చాలామంది.

ఇప్పుడు డబ్బు వచ్చే దారి చూడండి. కార్డు చెల్లింపు తీసుకునే సంస్థ రుసుము నూటికి 4, డాలర్లను రూపాయలు చేసే దగ్గర తేడా నూటికి 3 పోయిందనుకుంటే 51 డాలర్లకు వచ్చే 4,590 రూపాయల్లో 321 పోతుంది. చేతికొచ్చేది 4,269. మిగిలింది 600 కాదు, 269. ఈలోగా డాలరు 87కు దిగిందనుకోండి, మిగిలేది 126 రూపాయలే. ముక్కలు తరిగి, కారం కలిపి, సీసాలకెత్తిన ఆడవాళ్ల కష్టానికి అది టీ ఖర్చు.

సరైన పద్ధతి ఇది. రుసుముకు 4, మార్పిడికి 3, రేటు కదిలితే తట్టుకోవడానికి 3, మొత్తం నూటికి 10 పోతుందని ముందే అనుకోవాలి. అప్పుడు 4,600ను 0.9తో భాగించాలి. 5,111 వస్తుంది. దాన్ని డాలరు రేటు 90తో భాగిస్తే 56.79, అంటే 57 డాలర్లు. రేటు 87కు దిగినా 7 శాతం పోగా 4,612 చేతికొస్తుంది, లాభం చెక్కుచెదరదు. 4,600కు నూటికి పది కలిపేస్తే సరిపోదా అంటే సరిపోదు. 5,060 అవుతుంది, అందులో పదో వంతు 506 పోతే 4,554 మిగులుతుంది. పార్సిల్‌కు 46 రూపాయలు తక్కువ. వంద పార్సిళ్లకు 4,600, అంటే ఒక పార్సిల్ మొత్తం రాబడి.

పైన వేసిన శాతాలు ఉదాహరణకే. మీ సంస్థ, మీ బ్యాంకు ఎంత కోస్తున్నాయో మీరే పట్టుకోవాలి. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో పనిరోజుల్లో డాలరు రిఫరెన్స్ రేటు ఉంటుంది. డబ్బు జమ అయిన రోజు ఆ రేటుకూ, బ్యాంకు మీకు కట్టిన రేటుకూ ఎంత తేడా ఉందో చూస్తే మార్పిడిలో పోయింది తెలిసిపోతుంది. రుసుము గురించి గట్టిగా అడిగేవాళ్లున్నారు గానీ ఈ తేడా గురించి అడిగేవాళ్లు తక్కువ. అది రుసుము పేరుతో రాదు, రేటులో కలిసిపోయి ఉంటుంది.

"రూపాయి పడిపోతూనే ఉంది కదా, డాలర్లలో అమ్మితే లాభమే కదా" అనే మాట వినబడుతుంటుంది. 1991 జూలైలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించినప్పుడు డాలరు సుమారు 21 రూపాయల నుంచి 26కు చేరింది. 2022లో 80 దాటింది, 2025 డిసెంబరులో 90 దాటింది. దీర్ఘకాలంలో ఆ మాట నిజమే. కానీ పచ్చడి వ్యాపారం పదేళ్ల లెక్క మీద నడవదు, నెల లెక్క మీద నడుస్తుంది. ఒక నెలలో రెండు మూడు రూపాయలు వెనక్కి వచ్చినా చిన్న అమ్మకందారుకు ఆ నెల పోయినట్టే. డాలరు పెరిగి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే ధర తగ్గించనక్కర్లేదు, ఖర్చు పెట్టేయనూ అక్కర్లేదు. కొరియర్ ఛార్జీలు పెరిగే నెలకు అది పనికొస్తుంది.

మన సరుకు వేరే కరెన్సీలో సూటిగా అమ్మడం కొత్తేమీ కాదు. అరకు కాఫీ 2017 నుంచి పారిస్‌లో సొంత దుకాణంలో యూరోల్లో అమ్ముడైంది. అయితే అది పెద్ద సంస్థ పని, అక్కడి లెక్కలు చూసేవాళ్లు వేరే ఉంటారు. ఇంటి దగ్గర ఆ పని మనమే చేసుకోవాలి.

మార్పిడిలో ఇంకో మోసపు దారి ఉంది. కార్డు గీసే చోట "మీ దేశపు కరెన్సీలో కడతారా?" అని యంత్రం అడుగుతుంది. సౌకర్యంగా కనబడుతుంది గానీ ఆ రేటులో అదనపు బాదుడు కలిపి ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2019లో నిబంధన చేసి, ఆ అదనం ఎంత శాతమో కట్టకముందే చూపాలన్నది ఇందుకే. మీ వెబ్‌సైటు చేసిపెట్టేవాళ్లు ఇలాంటిది తగిలిస్తామంటే ఒప్పుకోవద్దు. మీరు వేసిన డాలరు ధరే కొనేవాడి బిల్లులో కనబడాలి.

సుంకం మాట ముందే రాయాలి

అమెరికాకు 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేకుండా ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. అప్పట్లో మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్లు కొన్ని వారాలు ఆపి, అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది. సుంకం శాతాలు మారుతున్నాయి కాబట్టి పంపేరోజు కొరియర్ వాళ్లనో పోస్టాఫీసులోనో అడగాలి. 57 డాలర్లని చెప్పి, అక్కడ ఇంటి గుమ్మంలో ఇంకో పది అడిగితే ఇంత లెక్కా వృథా. సుంకం కలిపిన ధరైతే "సుంకంతో సహా" అని, కాకపోతే "సుంకం వేరు" అని ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

అమ్మకానికి పంపే సరుకుకు ఆహార భద్రత లైసెన్సుతో పాటు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఐఈసీ నంబరు ఉండాలి. దీనికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము 500 రూపాయలు. ఖాతా ఉన్న బ్యాంకులో ఆ నంబరు నమోదు చేయించుకుంటే విదేశీ డబ్బు జమలో చిక్కులుండవు. పార్సిల్ మీద "బహుమతి" అని రాసి పంపే అలవాటు మానుకోవాలి, పట్టుబడితే సరుకూ పోతుంది, కొనేవాడూ పోతాడు.

ఇక ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఆర్డరు వచ్చిన తేదీ, చెప్పిన డాలరు ధర, ఆ రోజు రిఫరెన్స్ రేటు, జమ అయిన తేదీ, జమ అయిన రూపాయలు. ఈ అయిదు గళ్లు చాలు. ఇరవై పార్సిళ్లు రాశాక నూటికి పది అనుకున్నది పదేనా, ఏడా, పదమూడా అన్నది తెలుస్తుంది. పై నెల పట్టీ ఆ అంకె మీదే కట్టాలి.