శిశుజననానికి ముందు సన్నాహం – ఎక్కడ ఖర్చు పెట్టవలెను, ఎక్కడ మానవలెను

జమ్మికుంట ప్రాంతంలో ఇంటికి డబ్బు వచ్చే కాలం ఒకటే. దసరా దాటి పత్తి మార్కెట్టుకు బండ్లు రావడం మొదలైన తరువాతనే రైతు చేతిలోనైనా, వ్యాపారి చేతిలోనైనా నాలుగు రూపాయలు ఆడతాయి. బిడ్డలు మాత్రం మార్కెట్టు చూసుకొని పుట్టరు. తొలిచూలు కూతురిని పుట్టింటికి తెచ్చుకొన్న తల్లిదండ్రులు దుకాణదారు చెప్పిన జాబితా పట్టుకొని అప్పు చేయడం నేడు సర్వసామాన్యమైపోయినది. తొట్టెల, మెత్తని పరుపు, పాలసీసాలు, పొడి, సబ్బులు, తలకు ఆవాల దిండు – ఈ జాబితాలో శిశువునకు నిజముగా కావలసినవి రెండో మూడో ఉండును. కొన్ని కేవలం నిరుపయోగములు, కొన్ని హానికరములు కూడా.

ముందుగా వస్త్రముల సంగతి. చరక సంహిత శారీరస్థానంలోని జాతిసూత్రీయాధ్యాయం శిశువు పడకను, దుప్పటిని, బట్టలను గురించి విపులంగా చెప్పినది. అవి మృదువుగా, తేలికగా, శుచిగా, సువాసనతో ఉండవలెను. చెమట, మురికి, మలమూత్రములు అంటినవి, పురుగులు చేరినవి విడిచిపెట్టవలెను. అంతటితో ఆగక ఆచార్యుడు మరొక మాట చేర్చినాడు: వేరే బట్టలు సమకూర్చుకొనే శక్తి లేనిచో, ఉన్నవాటినే బాగుగా ఉతికి, ధూపం వేసి, శుభ్రంగా ఆరబెట్టి వాడుకొనవచ్చును. లేనివారి ఇంటిని దృష్టిలో పెట్టుకొని రాసిన వాక్యమిది. కొత్త బట్ట కొననిదే బిడ్డకు లోపం చేసినట్లని బాధపడే తల్లులు దీనిని గుర్తుంచుకొందురు గాక.

కావున ఇంట్లో పాతబడి మెత్తనైన నూలుచీర వెతకండి. అయిదున్నర మీటర్ల పొడవు, మీటరుకు కొంచెం పైగా పన్నా ఉన్న చీరను మూరకు కాస్త ఎక్కువ, అనగా 55 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించినచో 20 ముక్కలు వచ్చును. జరీ అంచు తీసివేయండి. రెండు చీరలకు 40 ముక్కలు. పసిబిడ్డ రోజుకు ఎనిమిది, పది మార్లు తడుపును గనుక వానాకాలంలో ఆరక ఇబ్బంది పడకుండా ఇవి చాలును. మరి రెండు చీరలతో ఇంటి పెద్దలు బొంత కుట్టగలరు. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే బట్టలో పాలిస్టరు ఎక్కువ. అది చెమటను, తడిని పీల్చదు. పెద్దలకు పనికి వచ్చును గాని లంగోటాకు పనికిరాదు. బజారులో దొరికే వాడి పారవేసే లంగోటాలు ప్రయాణానికి ఒకటి రెండు ఉంచుకొనిన తప్పు లేదు.

ఉతికిన బట్టలను వేడినీటిలో ముంచి తీసి, ఎండలో బాగుగా ఆరబెట్టవలెను. ధూపానికి యవలు, ఆవాలు, అవిసెలు, వస, ఇంగువ, గుగ్గులు మొదలైన ద్రవ్యములను శాస్త్రం చెప్పినది. ఇంట్లో ఉన్నవి రెండు మూడు చాలును. వాటిని నలగ్గొట్టి నిప్పులపై చల్లి, వెదురుబుట్ట బోర్లించి, బట్టలు దానిపై పరచండి. ఈ ధూపం బట్టలకే గాని బిడ్డకు కాదు. స్నానం చేయించిన శిశువును సాంబ్రాణి పొగపై పట్టుకొనే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. ఆ పొగ పసిబిడ్డ శ్వాసకు చేటు. బట్టలను వెలుపల ధూపితం చేసి, పొగ వాసన తగ్గిన తరువాతనే లోనికి తేవలెను. ఇంకొక జాగ్రత్త: పాత బట్టల పెట్టెలో కలరా ఉండలు ఉండినచో ఆ బట్టలను అట్లే బిడ్డకు చుట్టరాదు. కొందరు శిశువుల రక్తంలో పుట్టుకతోనే ఒక లోపం ఉండును. అట్టివారికి ఆ ఉండల ఆవిరి తగిలి రక్తకణములు విరిగి, కామెర్లు ముదిరి ప్రాణాపాయం కలుగును. వాటికి బదులు ఎండిన వేపాకు వాడండి.

పడక గట్టిగా, సమంగా ఉండవలెను. పత్తి మన ఊరి పంటయే అయినను, మెత్తగా కుంగిపోయే దూది పరుపు బిడ్డకు వద్దు. ముఖం అందులో కూరుకొనిన ఊపిరి ఆడదు. చాపపై మడిచిన బొంత చాలును. దిండు అక్కరలేదు, ఆవాల దిండుతో తల గుండ్రమగునన్న మాట నమ్మనక్కరలేదు.

ఇక అసలు ఖర్చు. బట్టలలో వందలు మిగిల్చిన కుటుంబాలు ప్రసవంలో వేలు పోగొట్టుకొనుచున్నవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం ప్రసవములు శస్త్రచికిత్సతో జరిగినవి. కరీంనగర్ జిల్లాలో ఇది 80 శాతం దాటినది. తల్లికో బిడ్డకో ఆపద కలిగినప్పుడు శస్త్రచికిత్స ప్రాణదాత, దానిని కాదనువాడు వైద్యుడు కాడు. కాని నొప్పులకు భయపడియు, ముహూర్తం పెట్టించుకొనియు చేయించుకొనువారు మన మధ్య తక్కువ కాదు. జ్యోతిషం పుట్టిన సమయమును బట్టి జాతకం చెప్పునది. సమయమును మనమే కోసి తెచ్చుకొనిన అది ఏపాటి జాతకమో పెద్దలే ఆలోచింతురు గాక. తొమ్మిదవ మాసం మొదలు పదవ మాసం వరకు ప్రసవకాలమని చరకుడు చెప్పినాడు. ఫలం పండి రాలినట్లు ప్రసవం దానంతట అది జరుగుటకే ఆ వ్యవధి. అకారణంగా రెండు మూడు వారాలు ముందే తీసిన బిడ్డకు ఊపిరి అందక ప్రత్యేక వార్డులో ఉంచవలసి రావచ్చును. తల్లికి గాయం బాధ వలన పాలివ్వడం ఆలస్యమగును, వెంటనే పాలడబ్బా ఇంటికి వచ్చును. ఒక ఖర్చు మరొక ఖర్చును పిలిచే విధమిది.

ప్రభుత్వ ఆసుపత్రిలో 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం క్రింద ప్రసవం, అవసరమైన శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, భోజనం ఉచితం. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా, బిడ్డకు కావలసిన వస్తువులతో పాటు ఇచ్చేవారు. ప్రభుత్వం మారిన తరువాత దాని పేరు, అమలు ఒక్క తీరుగా లేవు. కావున హుజూరాబాద్ ఏరియా ఆసుపత్రికైనా, కరీంనగర్ మాతాశిశు ఆరోగ్య కేంద్రానికైనా వెళ్ళదలచినవారు ఏమి లభించునో ఆశా కార్యకర్తను ముందే అడిగి, ఆ తరువాతనే దుకాణానికి వెళ్ళవలెను.

పాలసీసా, పాలడబ్బా ముందుగా కొని దాచవద్దు. ఇంట్లో ఉన్న డబ్బా చేతిని పిలుచును. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టవలెను, ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీరు కూడా అక్కరలేదు. జాతకర్మలో తేనె, నెయ్యి నాకించుట మన గ్రంథములలో ఉన్నమాట నిజమే. అయితే తేనెలో ఒక సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చుననియు, ఏడాదిలోపు శిశువుల ప్రేగులలో అవి పెరిగి పక్షవాతం వంటి వ్యాధిని కలిగించుననియు నేడు నిర్ధారణగా తెలిసినది. తెలిసిన తరువాత కూడా ఇచ్చుట శాస్త్రభక్తి అనిపించుకొనదు. ఆముదం చుక్క, అరగదీసిన వస కూడా నవజాత శిశువుకు వద్దు. బొడ్డుపై పసుపు, బూడిద, నూనె ఏదియు పెట్టకుండా పొడిగా ఉంచినచో అదే రాలిపోవును. తొలి స్నానం ఒక దినమైనా ఆగవలెను. తరువాత గానుగ నువ్వుల నూనెనో, కొబ్బరి నూనెనో లేతగా రాయండి. ముక్కులో, చెవిలో పోయవద్దు. కంటికి కాటుక వద్దు, పొడి డబ్బా అసలే వద్దు.

ఇక్కడ మిగిలిన డబ్బును బాలింత కంచంలో పెట్టండి. పథ్యం పేరుతో కారంపొడి, అన్నం మాత్రమే పెట్టి, దాహానికి నీరు కూడా తగ్గించే ఇళ్ళు ఇంకను ఉన్నవి. పాలు ఎట్లు పడును? శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము బెల్లంతో కలిపిన కాయం ఉదయం చిన్న ఉసిరికాయంత ఇవ్వండి; అది దీపనం, ఆహారం కాదు. ఆహారం వేరే కావలెను – నేతితో వేడి అన్నం, పప్పు, మునగాకు, వెల్లుల్లి, పాలు, తినువారికి గుడ్డు. గానుగ నుండి తాజాగా తెచ్చిన తెలగపిండి కూర చవకలో స్తన్యవర్ధకం. అంగన్‌వాడీలో 2015 నుండి ఆరోగ్యలక్ష్మి పేర ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. మధ్యతరగతివారమని సిగ్గుపడక పేరు నమోదు చేయించుకొనండి.

ఆటవస్తువులు బరువుగా ఉండరాదు, మొనదేలి ఉండరాదు, నోటిలో పట్టేంత చిన్నవి కారాదు, భయపెట్టరాదు అని చరకుడే చెప్పినాడు. నిర్మల్ బొమ్మలు తేలికైన పొణికి కర్రవే అయినను రంగు పూసినవి గనుక గూటిలో అలంకారానికే. పాలు తాగే బిడ్డ నోటికి అందనీయకండి.

చివరగా ఒక కొంత మొత్తం విడిగా మూటగట్టి ఉంచండి. బిడ్డ పాలు చీకుట మానినను, ఒళ్ళు కాలినను చల్లబడినను, నిమిషానికి 60 కంటె ఎక్కువగా ఊపిరి తీసినను, డొక్కలు ఎగురవేసినను, మూర్ఛ వచ్చినను, పుట్టిన తొలి దినమే పచ్చబడినను, తరువాత పసుపు అరచేతులకు, అరికాళ్ళకు పాకినను ఇంటి వైద్యం, నావంటి వారి వైద్యం రెండును వద్దు, ఎండలో పడుకోబెట్టి కాలయాపన చేయవద్దు. 108 బండికి చెప్పి ఆసుపత్రికి పోవలెను. ఆ మూటను ఇరవై ఒకటవ నాటి తొట్టెల విందుకు విప్పకండి.