కంప్యూటరులో దేనిని ఎచ్చట దాచవలెను?



ఈ సంవత్సరము వేసవి సెలవులైన పిమ్మట మన పదవ తరగతి విద్యార్థి యొకడు తన తండ్రితో గూడ నాయొద్దకు వచ్చెను. వారింట క్రొత్తగా కంప్యూటరు కొనిరి. అందు రెండు డిస్కులు కలవు. ఒకటి 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.; రెండవది 1 టెరాబైటు, అనగా 1000 గిగాబైట్ల హార్డు డిస్కు. "అయ్యా! చిన్నది వేగము గలదనియు, పెద్దది నెమ్మదియనియు అంగడివారు చెప్పిరి. దేనియందు ఏమి పెట్టవలెనో మాత్రము చెప్పలేదు" అని బాలుడనెను. తండ్రిగారి ప్రశ్న వేఱు. "మాస్టారుగారూ, మా నాయనగారి ఫొటోలు, మా పెండ్లినాటి వీడియో అన్నియు ఇందులోనే వేయదలచితిమి. ఏ డిస్కులో నుంచినచో అవి ఎన్నటికిని పోకుండును?" అని వారడిగిరి.

రెండును మంచి ప్రశ్నలే. కాని రెండింటికిని ఒకే సమాధానము లేదు. బాలుని ప్రశ్న వేగమును, స్థలమును గూర్చినది. దానికి డిస్కుల స్వభావము తెలిసినచో జవాబు దొరకును. తండ్రి ప్రశ్న భద్రతను గూర్చినది. దానికి జవాబు ఆ రెండు డిస్కులలో దేనియందును లేదు. ఈ భేదమును తెలియజెప్పుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

హార్డు డిస్కు

మొట్టమొదటి హార్డు డిస్కును 1956వ సంవత్సరమున అమెరికాలోని ఐ.బి.యం. కంపెనీవారు వెలువరించిరి. దానిని రూపొందించిన బృందమునకు నాయకుడు రెనాల్డ్ జాన్సన్. ఈయన తొలుత ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు. పరీక్షాపత్రములను దిద్దు విద్యుద్యంత్రమును కనిపెట్టుటచే ఆ కంపెనీవారు ఈయనను పిలిచి ఉద్యోగమిచ్చిరి. ఆ తొలి డిస్కుయంత్రమునందు రెండేసి అడుగుల వ్యాసముగల 50 పళ్లెములుండెను. అంత యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి సెల్‌ఫోను తీయు ఫొటో యొక్కటి అందు పట్టుట కష్టము.

పరిమాణము తగ్గినను నేటి హార్డు డిస్కు పనిచేయు తీరు అదియే. అయస్కాంతపు పూత గల పళ్లెములు లోపల గిఱ్ఱున తిరుగుచుండును. సన్నని చేయి యొకటి వాటిపై ఇటునటు కదలుచు, తన కొననున్న హెడ్డుతో చదువుచు వ్రాయుచుండును. మీ తాతగారి నాటి గ్రామఫోనును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. అయితే గ్రామఫోను ముల్లు రికార్డును తాకును. ఈ హెడ్డు పళ్లెమును తాకరాదు. రెండింటి నడుమ ఎడము మన వెండ్రుక మందములో వేయవ వంతుకంటెను మిక్కిలి తక్కువ. తిరుగుచున్న డిస్కు క్రింద పడినయెడల హెడ్డు పళ్లెమునకు తగిలి గీత పడును. గీచుకొనిపోయిన చోటనున్న సమాచారము మరల రాదు.

ఎస్.ఎస్.డి.

ఎస్.ఎస్.డి. యందు తిరుగునది గాని, కదలునది గాని యేదియు లేదు. దీనికి మూలమైన ఫ్లాష్ జ్ఞాపకమును జపానుదేశమున తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసుయోకా కనిపెట్టెను. ఆయన 1984లో దీనిని లోకమునకు తెలిపెను, నేడు ఎస్.ఎస్.డి.లలో వాడు నాండ్ అను రకమును 1987లో ప్రకటించెను. అతి సూక్ష్మములైన గదులలో విద్యుదావేశమును బంధించి యుంచుటయే ఇందలి కిటుకు. విద్యుత్తు ఆపినను ఆ ఆవేశము నిలిచియుండును.

దీని స్వభావమును మీ పలకతో పోల్చవచ్చును. పలకపై ఒక్కొక్క పంక్తిగా వ్రాయవచ్చును. కాని ఈ పలకలో ఒక పంక్తిని మాత్రమే చెఱుపుటకు వీలులేదు, పలకనంతయు ఒక్కసారిగా తుడువవలసినదే. తుడిచి వ్రాసినప్పుడెల్ల ఆ గదులు కొంచెము అరుగును. ఒకేచోట అరిగిపోకుండుటకై డిస్కులోని నియంత్రకము వ్రాతను అన్ని గదులకు సమానముగా పంచును. ఈ అరుగుదలకు మీరు భయపడనక్కఱలేదు. 250 గిగాబైట్ల డిస్కులలో కొన్నింటికి 150 టెరాబైట్ల వఱకు వ్రాయవచ్చునని తయారీదారులు హామీ యిచ్చుచున్నారు. దినమునకు 20 గిగాబైట్ల చొప్పున వ్రాసినను ఆ హామీ తీరుటకు 7500 దినములు, అనగా ఇరువది సంవత్సరములకు పైగా పట్టును.

వేగము లెక్క

ఇపుడు పలక తీసికొని లెక్క వేయుడు. హార్డు డిస్కు పళ్లెము నిమిషమునకు 7200 చుట్లు తిరుగునని అనుకొందము. అనగా సెకనుకు 120 చుట్లు. కావలసిన చోటు హెడ్డు క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా సెకనులో వేయవ వంతులు సుమారు 4 పట్టును. చేయి ఆ చోటికి కదలుటకు మఱి 8 పట్టును. మొత్తము 12. ఇట్లు వేఱువేఱు చోట్లనున్న వేయి చిన్న తునకలను చదువుటకు 12 సెకనులు కావలెను. ఎస్.ఎస్.డి.లో ఒక్కొక్క తునకకు సెకనులో పదివేలవ వంతు చాలును. వేయి తునకలకు సెకనులో పదవ వంతు. కంప్యూటరు మేల్కొనునప్పుడు ఇట్టి చిన్న తునకలనే వేలకొలది చదువును. మన పాఠశాల కార్యాలయపు కంప్యూటరు పూర్వము మేల్కొనులోపల గుమాస్తాగారు హాజరుపట్టీ సగము వ్రాసెడివారు. ఎస్.ఎస్.డి. పెట్టిన తరువాత ఆ అవకాశము వారికి లేకపోయెను.

మఱి సినిమా సంగతియో? 3600 మెగాబైట్ల సినిమా రెండు గంటలు, అనగా 7200 సెకనులు ఆడును. సెకనుకు అర మెగాబైటు అందిన చాలును. వరుసగా చదువునప్పుడు హార్డు డిస్కు సైతము సెకనుకు నూఱు మెగాబైట్లకు పైగా అందీయగలదు. కావున సినిమాను ఎస్.ఎస్.డి.లో నుంచినందువలన చూచువారికి కలుగు లాభమేమియు లేదు. విలువైన స్థలము మాత్రము వ్యర్థమగును.

పంపిణీ

మన వంటయింట పోపులపెట్టె పొయ్యి ప్రక్కనే యుండును. ధాన్యము గాదెలో నుండును. ఆవాలకై గాదెయొద్దకు పరుగెత్తువారు లేరు, పోపులపెట్టెలో పుట్టెడు వడ్లు పోయువారును లేరు. ఇచ్చటను నియమమిదియే.

ఎస్.ఎస్.డి.లో నుంచవలసినవి: కంప్యూటరును నడుపు ఆపరేటింగు సిస్టము, దినదినము తెఱచు ప్రోగ్రాములు, ప్రస్తుతము చేయుచున్న పని, అనగా ఈ నెల వ్రాయుచున్న వ్యాసము, కూర్చుచున్న వీడియో, దిద్దుచున్న మార్కుల పట్టిక.

హార్డు డిస్కులో నుంచవలసినవి: పూర్తియైన పనులు, ఫొటోలు, పాటలు, సినిమాలు, గడచిన సంవత్సరముల కాగితముల నకళ్లు, అపుడపుడు మాత్రమే చూచునవన్నియు. ఫొటో యొకటి 4 మెగాబైట్లనుకొన్నను 1 టెరాబైటులో రెండున్నర లక్షల ఫొటోలు పట్టును. అంతే స్థలము ఎస్.ఎస్.డి.గా కొనవలెనన్న ఎక్కువ ధనము కావలెను.

ఎస్.ఎస్.డి.ని అంచువఱకు నింపరాదు. అయిదవ వంతైనను ఖాళీగా నుంచుట మేలు. ఏలయన తుడుచుటకును వ్రాయుటకును దానికి చోటు కావలెను, లేనిచో వేగము తగ్గును. హార్డు డిస్కుపై చెదరిన తునకలను ఒకచోటికి చేర్చు ప్రక్రియ ఎస్.ఎస్.డి.కి అనవసరము. 256 అని కొన్న డిస్కు కంప్యూటరులో 238 అని కనబడినను అంగడివాడు మోసగించెనని యనుకొనకుడు. తయారీదారులు వేయిని వేయిగా లెక్కింతురు, కంప్యూటరు 1024ను లెక్కకు తీసికొనును, అంతియే భేదము.

భద్రత

బాలుని ప్రశ్నకు జవాబైనది. తండ్రిగారికి నేను జవాబుగా నా సంగతియే చెప్పితిని.

2016వ సంవత్సరమున మా అమ్మగారిచేత పది సాయంకాలములు పాటలు పాడించి, మా యింటి పూర్వుల కథలు చెప్పించి సెల్‌ఫోనులో పట్టితిని. ఫోనులో చోటు చాలనందున వాటిని చేతిలో పట్టు చిన్న హార్డు డిస్కులోనికి మార్చి ఫోనునుండి చెఱిపివేసితిని. మరుసటి సంవత్సరము అమ్మగారు కాలము చేసిరి. సంవత్సరీకమునాడు బంధువులందఱు కూడినప్పుడు ఆ కంఠమును వినిపింపదలచి డిస్కును మంచముపై నుంచితిని. పిల్లవాని కాలికి తీగ చుట్టుకొని, తిరుగుచున్న డిస్కు నేలపై పడెను. పిమ్మట టక్కుటక్కుమను చప్పుడు తప్ప మఱేమియు రాలేదు. పట్టణమున బాగుచేయువారు దానిని విప్పి పళ్లెముపై గీచుకొనిపోయిన వలయమును నాకు చూపిరి. ఆ పాటలలో రెండు మూడు మా అక్కగారికి వచ్చును. కంఠము మాత్రము ఎవరియొద్దను లేదు.

ఆ డిస్కు చెడ్డది కాదు. పిల్లవాని తప్పును లేదు. రెండవ ప్రతి తీయకపోవుట నా తప్పు.

అది ఎస్.ఎస్.డి. యైనచో పడినను బహుశా నిలిచెడిదే. కాని దాని కష్టములు దానికి కలవు. అది ముందు హెచ్చరిక లేకుండ ఒక్కసారిగా మూగపోవచ్చును. చెఱిపిన ఫైలును దానినుండి రాబట్టుట హార్డు డిస్కునుండి రాబట్టుటకంటె చాల కష్టము. విద్యుత్తు లేక బీరువాలో పడియున్నచో లోపలి ఆవేశము క్రమముగా తగ్గును. వ్రాతకాలము తీరిన గృహోపయోగపు ఎస్.ఎస్.డి. 30 డిగ్రీల వేడిమిలో విద్యుత్తు లేకుండ ఒక సంవత్సరము సమాచారమును నిలుపవలెనని జెడెక్ సంస్థవారి ప్రమాణము. క్రొత్తది అంతకంటె ఎక్కువకాలము నిలుపును. వేడిమి హెచ్చినకొలది గడువు తగ్గును. మన వేసవి యెండలు 40 డిగ్రీలు దాటుట మీరెఱుగుదురు. కావున ఏండ్లతరబడి దాచిపెట్టుటకు దానిని నమ్ముకొనరాదు.

కంప్యూటరులోని రెండు డిస్కులలో రెండు ప్రతులుంచిన చాలదా యని బాలుడడిగెను. చాలదు. దొంగ కంప్యూటరునే యెత్తుకొనిపోయినను, పిడుగుపాటు విద్యుత్తు తీగవెంట వచ్చినను, ఇంట నీరు చొచ్చినను రెండును ఒకేసారి పోవును. అందుచే తెలిసినవారు మూడు ప్రతులు, రెండు విధముల సాధనములు, అందొకటి వేఱొక ఊర అని నియమము చెప్పుదురు. కంప్యూటరులోని హార్డు డిస్కుపై ఒకటి. నెలకొకసారి తగిలించి నకలు తీసి, తీగ విప్పి బీరువాలో నుంచు వేఱొక డిస్కుపై ఒకటి. ఇంటర్నెట్టు నిలువలోనో, పొరుగూరి బంధువుల యింటనున్న పెన్‌డ్రైవులోనో ఒకటి. సంవత్సరమున కొకసారి వాటిని తెఱచి, ఫొటోలు కనబడుచున్నవో లేదో చూడవలెను. చూడని నకలు ఉన్నదని చెప్పుటకు వీలులేదు.

తండ్రిగారు కొంతసేపు ఊరకుండి, "మా నాయనగారివి మొత్తము పదునాలుగు ఫొటోలే యున్నవండీ" అనిరి. పదునాలుగు ఫొటోలకు మూడు ప్రతులు తీయుటకు పావుగంట పట్టదు. ఆ దినమే మా కార్యాలయపు బల్లయొద్ద కూర్చుండి ఆ పని ముగించుకొని పోయిరి.

ఇంటియొద్ద చేయవలసిన పని:

1. మీ యింటి కంప్యూటరులో గాని, ఫోనులో గాని మిక్కిలి చోటు ఆక్రమించుచున్న పది వస్తువుల పట్టిక వ్రాయుడు. వానిలో పోపులపెట్టెకు తగినవెన్ని, గాదెకు తగినవెన్ని?

2. నిమిషమునకు 5400 చుట్లు తిరుగు డిస్కునందు అరచుట్టుకు పట్టు కాలమెంత? లెక్కించి చూపుడు.

3. పోయినచో మరల సంపాదింపలేనివి మీ యింట ఏవి కలవో పెద్దలనడిగి తెలిసికొనుడు. వానికి రెండవ ప్రతి యున్నదా? లేనిచో మొదటి రెండు ప్రశ్నలను విడిచి ముందుగా ఆ పని చేయుడు.