గాయపడిన జ్ఞాపకము

చదువవలసిన భాగము: 1 రాజులు 19:1-8



2009వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, కృష్ణ రెండును పొంగి, అలంపురమును, రాజోలిని, తీరమందలి అనేక గ్రామములను ముంచివేసెను. కొన్ని దినములకు నీరు తీసెను. ఇండ్లు మరల కట్టబడెను. అయితే కొందరి మనస్సులలోనుండి ఆ నీరు తీయలేదు.

మేమెరిగిన ఒక సహోదరి ఆ రాత్రి పసిబిడ్డను చంకనెత్తుకొని మిద్దె యెక్కి ప్రాణము దక్కించుకొనెను. ఏండ్లు గడచినను, రాత్రి వాన చప్పుడు వినబడగానే లేచి, పిల్లలను లేపి, మూటలు కట్టుచుండెను. బురద వాసన తగిలిన ఆమె చేతులు వణకెడివి. ఆదివారము వినిన వాక్యము సోమవారము జ్ఞాపకముండెడిది కాదు. ఆ రాత్రి సంగతి అడిగిన, ఏది ముందో ఏది వెనుకో చెప్పలేకపోయెను.

“అమ్మా, నీకు విశ్వాసము చాలదు, ఇంకను ప్రార్థించుము” అని మేము ఆమెతో అంటిమి. ఆమె తల వంచుకొని వెళ్లి, కొన్ని నెలలు మందిరమునకు రాలేదు. మేమన్న మాట తప్పని తరువాత నేర్చుకొంటిమి. మీరు అదే తప్పు చేయకుండునట్లు ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. మెదడులో జరుగునదేమి?

మన మెదడులో అమిగ్డలా అను చిన్న భాగము గలదు. అది ఊరి కావలివాని వంటిది. అపాయము కనబడగానే కేక వేయును. అప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనునవి రక్తములో ప్రవహించి గుండెను, కాళ్లు చేతులను సిద్ధపరచును. ఇది దేవుడు మన కాపుదలకై పెట్టిన యేర్పాటు.

హిప్పోక్యాంపస్ అను వేరొక భాగము తపాలా గుమాస్తా వంటిది. మనకు జరిగిన ప్రతి సంగతికిని ఇది ఫలాని చోట, ఫలాని దినమున జరిగినదని ముద్ర వేయును. నుదుటి వెనుక నున్న భాగము పెద్దమనిషివలె, “అపాయము గడచినది, ఇక ఊరకుండుము” అని కావలివానికి చెప్పును.

భయము మితిమీరినప్పుడు కావలివాని కేక యెక్కువై, గుమాస్తా పని చెడును. వాసనయు, చప్పుడును, చలియు లోతుగా అచ్చుపడును గాని వాటిమీద తేదీ సరిగా పడదు. కావున వాన చప్పుడు విన్నప్పుడు ఆ సంగతి గతించినదిగా గాక, ఇప్పుడే జరుగుచున్నట్లు తోచును. కావలివాడు పగలును రాత్రియు మేల్కొనియుండుటచేత నిద్రయుండదు. క్రొత్త సంగతులు మనస్సున నిలువవు.

ఇట్టి రోగులలో కొందరికి హిప్పోక్యాంపస్ కొంత చిన్నదిగా నున్నట్లు వైద్యులు కనుగొనిరి. బాధవలన అట్లాయెనా, లేక మొదటినుండి అట్లున్నవారికే ఈ బాధ యెక్కువగా కలుగునా అనుటకు, రెండు ప్రక్కలను సాక్ష్యము గలదు. ఏదైనను ఇది శరీరమునకు కలిగిన గాయమే గాని అవిశ్వాసము కాదు.

మొదటి ప్రపంచ యుద్ధములో ఇట్టి సైనికులను అనేకులు పిరికివారనిరి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము దీనిని వ్యాధిగా తన పట్టికలో చేర్చెను. ఇది యుద్ధమువలననే కలుగదు. 2013 అక్టోబరు 30న వనపర్తి ప్రాంతమందలి పాలెం యొద్ద బస్సు కాలి 45 మంది చనిపోయిరి. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట యొద్ద సొరంగము కూలి ఎనిమిదిమంది పనివారు చిక్కుకొనిరి. అట్టి చోట్ల తప్పించుకొనినవారికిని, చూచినవారికిని, రక్షింపబోయినవారికిని ఈ బాధ కలుగవచ్చును.

2. ఏలీయాకు దేవుడు చేసినదేమి?

ఏలీయాకు ఇదే వ్యాధియని మేము చెప్పుట లేదు. అయితే అతడు ప్రాణభయముతో పారిపోయి, బదరీవృక్షము క్రింద పడి చావు కోరుకొనెను. దేవుడు అతని గద్దింపలేదు. దూత అతని తట్టి లేపి, అప్పమును నీళ్లును ఇచ్చెను. అతడు తిని మరల పండుకొనగా, రెండవమారు ఆహారమిచ్చెను. ప్రయాణము తనకు మించినదని దూత ఒప్పుకొనెను. హోరేబులో “ఇచ్చట నీవేమి చేయుచున్నావు?” అను ప్రశ్న తరువాతనే వచ్చెను. ముందు నిద్ర, ఆహారము, పిమ్మట మాట. ఈ క్రమమును మనము గమనింపవలెను.

3. మనము చేయవలసినదేమి?

మొదటి దినములలో బాధితులను సంగతి చెప్పుమని బలవంతము చేయరాదు. అన్నము, నీళ్లు, పండుకొనుటకు చోటు, తనవారి వార్త, ఇవి ముందు కావలెను. వారు చెప్పదలచిన, మధ్య మాటాడక వినవలెను. అనేకులు కాలక్రమమున తేరుకొందురు. గాని ఒక నెల దాటినను పీడకలలు, ఉలికిపాటు, మరపు తగ్గనియెడల వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. నేర్పుగలవాని యెదుట, భయములేని చోట, ఆ సంగతిని కొంచెము కొంచెముగా చెప్పగా చెప్పగా, తేదీ పడని జ్ఞాపకమునకు తేదీ పడును. కొందరికి మందులును మేలు చేయును. 14416 అను టెలి మానస్ నంబరునకు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటాడవచ్చును. మందు పుచ్చుకొనుట ప్రార్థనకు విరోధము కాదు. చలిజ్వరమునకు మాత్ర మ్రింగుచున్నాము గదా!

ఆ సహోదరిని మేము క్షమాపణ వేడుకొని, ఆమె పెనిమిటితో కూడ వైద్యునియొద్దకు తోడుపోతిమి. నేడును వాన రాత్రి ఆమెకు మెలకువ వచ్చును. అయితే ఇప్పుడు మూటలు కట్టదు. “ఇది ఆ వాన కాదు” అని తనలో అనుకొని, పిల్లలకు దుప్పటి కప్పి, మరల పండుకొనును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఇట్టి భయముతో మౌనముగా నున్నవారెవరు?
2. వారితో మనమన్న ఏ మాటను వెనుకకు తీసికొనవలెను?
3. దూత ఏలీయాకు ఇచ్చినట్లు, ఈ వారము వారికి మనమేమి ఇయ్యగలము?